స్ట్రెచరుకి అవతలి చివర

నేను ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా పనిచేశాను. ఎంతమందికి కనురెప్పలు మూసి, దవడకి గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్ళు కలిపి ముడి వేసి బంధువులకి అప్పగించానో నాకే గుర్తు లేదు. వాళ్ళలో ఒక్కరు కూడా మళ్ళీ వచ్చి నన్ను పలకరించలేదు. శవం ఉన్న గది గుమ్మం పక్కనే కూర్చుని టిఫిను డబ్బా విప్పుకున్న రోజులున్నాయి. మా ఆడపడుచు దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. అంత విసుగు నాకు ఆ మాటలంటే.

అందుకే ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను చూసి కూడా ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారని.

తొంభైల చివరి మాట. నరసాపురానికి దగ్గర్లో ఒక చిన్న టౌనులో, ప్రైవేటు ఆసుపత్రిలో చేసేదాన్ని. ఆసుపత్రి పేరు చెప్పను. కింద జనరల్ వార్డు, ఓపీ. పైన ఆపరేషన్ థియేటరు, కాన్పుల గది, నాలుగు గదులు. లిఫ్టు లేదు. ర్యాంపు లేదు. పైకీ కిందకీ ఉన్నవి ఒకటే మెట్లు, మధ్యలో ఇరుకు మలుపు ఒకటి, కిటికీ కూడా లేదు. ఆపరేషన్ అయిన మనిషిని కాన్వాసు స్ట్రెచరు మీద పెట్టి, ముందొకరు వెనకొకరు కర్రలు పట్టుకుని ఆ మెట్ల మీదే దించేవాళ్ళం.

ఆ మెట్లు మా అందరి ఒంట్లోకీ ఎక్కేశాయి. వార్డు అటెండరు అబ్బులుకి బరువులు మోసి మోసి హెర్నియా వచ్చింది. బెల్టు కట్టుకుని అలాగే మోసేవాడు. ఆయా సూరమ్మకీ నాకూ ఒకే రోజు దెబ్బ తగిలింది. పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒక భారీ మనిషిని దించుతున్నాం. నేను పై చివర, సూరమ్మ కింది చివర. మలుపు దగ్గర ఆమె కాలు జారి భుజం గోడకి కొట్టుకుంది. బరువంతా నా మీదకి వచ్చింది. పేషెంటు పడిపోకూడదని నడుము అడ్డంగా తిప్పి స్ట్రెచరు పట్టుకున్నాను. నడుములో టక్కుమని శబ్దం. అది నాకు వినపడింది కూడా.

పేషెంటుకి ఒక్క కుట్టు కదల్లేదు. ఆ సంగతి మా డాక్టరు గారు ఊళ్ళో అందరికీ గర్వంగా చెప్పుకున్నారు. మా ఇద్దరి సంగతి ఎక్కడా చెప్పలేదు.

నన్ను రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడి ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించి, "ఇక మీరు నీళ్ళ బిందె కూడా ఎత్తకూడదమ్మా" అన్నారు. ఆరు వారాలు చెక్క మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. సూరమ్మ కుడి చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు.

తిరిగి డ్యూటీలో చేరితే నన్ను ఓపీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. చీటీలు రాయడం, పేర్లు పిలవడం. వెనక నన్ను కుర్చీ సిస్టరు అనేవారు. ఒకరోజు డాక్టరు గారు మామూలుగానే, "మెట్లు దిగేటప్పుడు మనమే చూసుకోవాలి కదమ్మా విజయా. సరే, ఎన్నాళ్ళు కుదిరితే అన్నాళ్ళు చూద్దాం" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకి తగిలిన దెబ్బని దెబ్బగా చూడటం ఆ రోజుల్లో ఎవరికీ అలవాటు లేదు, అంతే. మాకూ లేదు.

ఆ మరుసటి ఏడు వానాకాలం. మూడు రోజులుగా ఆగకుండా వాన. డాక్టరు గారు ముందురోజు భీమవరం వెళ్ళి, రోడ్డు తెగి అక్కడే ఉండిపోయారు. ఉదయం పది గంటలప్పుడు ఎవరో సైకిలు మీద అరుచుకుంటూ పోయారు, మురుగు కాలవకి గండి పడిందని. వార్డులో పేషెంట్లతో ఉన్న మగవాళ్ళు ఇళ్ళూ గొడ్లూ ఏమయ్యాయోనని పరుగెత్తారు. వాళ్ళని తప్పు పట్టను. మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు.

డ్యూటీలో నలుగురం. నేను, అబ్బులు, సూరమ్మ, జూనియర్ నర్సు జ్యోతి. జ్యోతికి అప్పుడు ఐదో నెల.

పావుగంటలో నీళ్ళు గుమ్మం దాటాయి. కరెంటు పోయింది. నడవగలిగిన పేషెంట్లని జ్యోతి వెంటబెట్టుకుని మెట్లెక్కించింది. సెలైను సీసాలు, మందుల డబ్బాలు, పరుపులు ఆడవాళ్ళు చేతికొకటి పట్టుకుని పైకి చేర్చారు. లేసు పనిచేసుకునే ఒక పెద్దావిడ ఒక చేత్తో మనవరాలిని, ఇంకో చేత్తో ఇంజక్షన్ల ట్రే పట్టుకుని ఎక్కడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. సూరమ్మని కూడా పైకి పంపాను, పరుపులు సర్దమని.

నడవలేనివాళ్ళు ఆరుగురు మిగిలారు. బక్కపలచగా ఉన్న ఇద్దరిని అబ్బులు ఒకరి తర్వాత ఒకరిని వీపున వేసుకుని ఎక్కించేశాడు. పైన ఉన్న ఆయాసం పేషెంటుకి ఆక్సిజన్ కావాలని జ్యోతి కేకేసింది.

"సిలిండరు వెనక షెడ్డులో ఉందండి. తెచ్చేస్తానండి సిస్టరు గారూ" అన్నాడు అబ్బులు.

"తొందరగా రా. ఈ నలుగురినీ స్ట్రెచరు మీదే ఎక్కించాలి."

"ఆయ్, వచ్చేస్తానండి" అని మోకాటి లోతు నీళ్ళలో వెనక తలుపు దాటి వెళ్ళాడు.

నేనొక్కదాన్నీ కింద ఉన్నాను. స్ట్రెచరుని ఒక మంచం మీద పరిచి, పక్క మంచం మీదున్న పేషెంటుని దుప్పటితో సహా దాని మీదకి లాగాను. సిజేరియన్ అయి మూడో రోజు, లక్ష్మి అనే అమ్మాయి. బిడ్డని వాళ్ళమ్మ అప్పటికే పైకి తీసుకెళ్ళింది. మేం నేర్చుకున్న పద్ధతి ఏమిటంటే, మెట్లెక్కేటప్పుడు పేషెంటు తల పైవైపు ఉండాలి. ముందున్న మనిషి పేషెంటుకి వీపు పెట్టి, చేతులు వెనక్కి చాపి పట్టుకుని ఎక్కాలి. అంటే నాకు వెనక ఎవరున్నారో కనపడదు. పేషెంటుకి మాత్రం తన కాళ్ళ వైపున్న మనిషి ఎదురుగా కనపడతాడు. ఇది గుర్తు పెట్టుకోండి.

వెనక నీళ్ళలో అడుగుల చప్పుడు వినపడింది. అబ్బులు వచ్చాడనుకున్నాను. మోకాళ్ళు వంచి, కర్రలు పట్టుకుని, "పట్టుకో అబ్బులూ" అన్నాను. వెనక చివర లేచింది. నేనూ లేచాను.

లేచిన తర్వాత గుర్తొచ్చింది, నేను బిందె కూడా ఎత్తకూడని మనిషినని.

నొప్పి వస్తుందని చూశాను. రాలేదు. మెట్లెక్కాం, మలుపు తిరిగాం, పైన నడవలో స్ట్రెచరు దించాను. ఆడవాళ్ళు వచ్చి ఆ అమ్మాయిని పరుపు మీదకి జరిపారు. నేను వెనక్కి తిరిగేసరికి అక్కడ ఎవరూ లేరు. రెండో మనిషి కోసం అప్పుడే దిగిపోయాడనుకుని, స్ట్రెచరు చుట్టి చంకలో పెట్టుకుని నేనూ దిగాను.

అలా నాలుగు సార్లు. రెండో ఆయన పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి. మూడో ఆయన రంగయ్య గారని, పొట్ట ఆపరేషన్ అయిన ముసలి రైతు. ఆఖరున లెక్కల మాస్టారు. తొడ ఎముక విరిగి నడుము నుంచి పాదం దాకా పిండికట్టు, అందరికంటే బరువు ఆయనే. ఆయన దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు మంచం పట్టెలని తాకుతున్నాయి.

ప్రతిసారీ అదే వరస. నేను ముందు వంగి పట్టుకోవడం, వెనక చివర లేవడం. నేను తిరిగి చూడలేదు. చూడాలని కూడా తోచలేదు. వెనక మనిషి ఉన్నాడన్న సంగతిలో నాకు అనుమానమే లేదు. మూడోసారి మలుపు దగ్గర నా ఎడమ చెయ్యి కిందకి జారుతుంటే వెనకనించి మగ గొంతు, "మలుపు. ఎడమ చెయ్యి కాస్త పైకి" అంది. సర్దుకున్నాను. మాస్టారిని ఎక్కించేటప్పుడు, "నిదానం. నేనున్నాను" అంది. ఆ వాన హోరులో అది అబ్బులు గొంతా కాదా అని ఎవరు పరీక్షగా వింటారు?

మాస్టారిని దించాక మెట్ల దగ్గరికి వచ్చి కిందకి చూశాను. వార్డులో మంచాలు కదులుతున్నాయి. మనుషులెవరూ లేరు. అందరూ పైనే ఉన్నారు. సూరమ్మ తలలు లెక్కపెట్టి, "అందరూ వచ్చేశారమ్మా. ఒక్కరూ మిగల్లేదు" అంది. నేను నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. దుఃఖం కాదు. ఏడాదిన్నర తర్వాత మొదటిసారి నేను మళ్ళీ నర్సునయ్యాను.

సూరమ్మే అడిగింది, "అబ్బులేడమ్మా?"

"నాతోనే ఉన్నాడుగా ఇంతసేపూ."

"లేడమ్మా. సిలిండరు తేనేలేదు."

అందరం అబ్బులూ అబ్బులూ అని కేకలు వేశాం. వెనకవైపు కిటికీ ఒకటి తెరిస్తే, దూరంగా షెడ్డు రేకుల కప్పు మీద అబ్బులు గొంతుక్కూర్చుని ఉన్నాడు. సిలిండరు ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఊపుతున్నాడు. మధ్యలో కాంపౌండు గోడ పడిపోయి నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఆయాసం పేషెంటుని దిళ్ళు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి, జ్యోతి ఇంజక్షన్ చేసి ఎలాగో నిలబెట్టింది. మధ్యాహ్నం వేటపడవ ఒకటి వీధిలోకి వచ్చింది. పడవవాళ్ళే అబ్బులుని సిలిండరుతో సహా దించి మా మెట్ల దగ్గరికి చేర్చారు.

"ఎప్పటి నుంచి ఉన్నావు అక్కడ?" అని అడిగాను.

"షెడ్డులోకి వెళ్ళానండి, గోడ పడిపోయిందండి. అప్పట్నించీ రేకుల మీదేనండి. ఎంత అరిచినా మీకు వినపడలేదండి."

"మరి నాతో స్ట్రెచరు పట్టింది?"

అబ్బులు నా మొహం వంక చూశాడు. "నేను మళ్ళీ లోపలికి రాలేదండి సిస్టరు గారూ" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. అబ్బులు ఇన్నేళ్ళలో నాతో 'అండి' లేకుండా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మెట్ల మీద విన్న గొంతులో అండి లేదు.

నేను వెంటనే దయ్యం అనుకోలేదు. పేషెంట్ల మనిషి ఎవరో సాయం పట్టి ఉంటారనుకున్నాను. ఆ సాయంత్రమే అందరినీ అడిగాను. పైన ఆడవాళ్ళు నేను స్ట్రెచరు దించాకే దగ్గరికి వచ్చారట, నా వెనక ఎవరినీ చూడలేదు. మగవాళ్ళలో ఎవరూ తిరిగి రాలేదు. వాళ్ళు వెళ్ళగానే వీధి తలుపు మేమే లోపల గడియ వేసి, సందులో గోనెసంచులు కుక్కాం. పడవవాళ్ళు వచ్చేదాకా అవి తీయలేదు. వెనక తలుపు అవతల సుడి.

ఇక నలుగురు పేషెంట్లు. నాకు కనపడని మనిషి వాళ్ళకి ఎదురుగా ఉండాలి కదా.

లక్ష్మి నొప్పికి కళ్ళు గట్టిగా మూసుకుందట. ఏమీ చూడలేదు. "మలుపు దగ్గర నా పాదాల మీద దుప్పటి జారిపోతే ఎవరో కప్పారండి" అంది. రెండు చేతులా కర్రలు పట్టుకున్న మనిషి దుప్పటి ఎలా కప్పుతాడు అని నేను అడగలేదు.

రంగయ్య గారు ఏ అనుమానమూ లేకుండా చెప్పారు. "అదేంటమ్మా, మీ కాంపౌండరేగా. కాస్త వయసాయన. తెల్ల చొక్కా, చేతులు మోచేతుల దాకా మడిచాడు." మా ఆసుపత్రిలో అటువంటి మనిషి లేడు. పూర్వం ఆ మెట్ల మీదే మోసి మోసి నడుం పోగొట్టుకుని చనిపోయిన అటెండరు ఒకాయన ఉండేవాడని సూరమ్మ గుసగుసలాడింది. అందరూ అదే అనుకోవడం మొదలుపెట్టారు. నేను ఊరుకోలేక ఆఫీసు గోడకున్న పాత గ్రూపు ఫోటో తీయించి రంగయ్య గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క మొహమూ చూసి, "వీళ్ళలో లేడమ్మా" అన్నారు. ఆ అటెండరు ఫోటోలో మొదటి వరసలోనే ఉన్నాడు.

పక్షవాతం ఆయనకి మాట లేదు. మెట్ల గురించి అడిగితే బాగున్న చెయ్యి ఎత్తి నుదుటికి ఆనించుకుని దణ్ణం పెట్టాడు. నాకు పెట్టాడో, ఇంకెవరికో తెలియదు.

లెక్కల మాస్టారు చెప్పిందే నాకు నిద్ర లేకుండా చేసింది. ఆయన గుళ్ళకి కూడా వెళ్ళని మనిషి. తెలివిగా, పూర్తి మెలకువతో ఉన్నారు.

"నా కాళ్ళ వైపు ఎవరూ లేరు సిస్టర్. నేను చూస్తూనే ఉన్నాను. చీకటి కాబట్టి కనపడలేదేమో అనుకుందామన్నా కుదరదు. నా కట్టు తెల్లగా కనిపిస్తూనే ఉంది, దాని అవతల మెట్లూ కనిపిస్తున్నాయి. కానీ స్ట్రెచరు వాలలేదు. నా పొట్ట మీద నీళ్ళ గ్లాసు పెట్టినా ఒలికేది కాదు."

"గొంతు విన్నారా మాస్టారూ?"

"విన్నాను. నేనున్నాను అంది. ఆ వాన హోరులో మీరే నాకు చెబుతున్నారేమో అనుకున్నాను."

నీళ్ళు తీశాక రాజమండ్రి వెళ్ళి మళ్ళీ ఎక్స్‌రే తీయించుకున్నాను. డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. దెబ్బ ఉన్నచోటే ఉంది. తగ్గలేదు, పెరగలేదు. "ఆ ఆత్రంలో నొప్పి తెలియకపోవచ్చమ్మా. కానీ వెన్నులో డిస్కుకి ఆత్రం ఉండదు కదా. మర్నాడు మీరు మంచం మీంచి లేవలేకపోవాలి" అన్నారు. నేను మర్నాడు బురద కడిగాను. నాకు నొప్పెట్టినవి పిక్కలు మాత్రమే.

మూడు నెలల తర్వాత ఊరి పెద్దలు కల్యాణమండపంలో నాకు సన్మానం పెట్టారు. డాక్టరు గారు మైకులో, "మా విజయమ్మ ఒక్క చేతి మీద నలుగురి ప్రాణాలు కాపాడింది" అన్నారు. చప్పట్లు. శాలువా కప్పారు. మాట్లాడమన్నారు. నేను జీవితంలో మైకు పట్టుకోలేదు.

"నేను ఒక్కదాన్నే మొయ్యలేదండి" అన్నాను. అక్కడే ఆగిపోయాను. మిగతాది చెబితే అసలు చెప్పాల్సింది పోతుందని తోచింది. కింద కూర్చున్న సూరమ్మనీ, అబ్బులునీ, జ్యోతినీ స్టేజీ మీదకి రమ్మన్నాను. వాళ్ళు సిగ్గుపడుతూ వచ్చి నిలబడ్డారు.

"సూరమ్మా, నీ కుడి చెయ్యి పైకెత్తు" అన్నాను.

సూరమ్మ ఎత్తింది. భుజం దగ్గర ఆగిపోయింది. హాలంతా చూసింది.

"ఇది మన ఆసుపత్రి మెట్ల మీద పోయిన చెయ్యండి. అబ్బులు బెల్టు కట్టుకుని మోస్తున్నాడు. జ్యోతి మోస్తే కడుపులో బిడ్డకి ప్రమాదం. నా నడుము సంగతి డాక్టరు గారికి తెలుసు. మీలో చాలామందిని మేం మోసే దించాం. ఇకమీదట మెట్ల మీద మొయ్యమండి. నాకీ శాలువా వద్దు, ర్యాంపు కట్టించండి. మాకు దెబ్బ తగిలితే దాన్ని దెబ్బ అనండి."

డాక్టరు గారి మొహం ఎర్రబడింది. రేపట్నుంచి నాకు కుర్చీ కూడా ఉండదని అనుకున్నాను. అప్పుడు వెనక వరసలో ఊతకర్రల చప్పుడు. లెక్కల మాస్టారు లేచి నిలబడ్డారు. రంగయ్య గారు లేచారు. లక్ష్మి బిడ్డని ఎత్తుకుని లేచింది. తర్వాత హాలంతా లేచింది.

డాక్టరు గారు లేచి మైకు దగ్గరికి వచ్చారు. "విజయమ్మ చెప్పింది నిజం. ఇది నేనే చూసుకోవలసింది" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపయింది.

వేసవిలోగా ర్యాంపు లేచింది. వెడల్పుగా, వాలుగా, పక్కన ఇనప కమ్మీతో, వెలుతురు వచ్చేటట్టు. కొబ్బరికాయ కొట్టాక మొదటి ట్రాలీ ఎవరు తోస్తారంటే అందరూ నా వంక చూశారు. నేను సూరమ్మని తొయ్యమన్నాను. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఎడమచేత్తో, ఒక్క చేత్తో, పేషెంటుతో సహా ట్రాలీని చివరిదాకా తోసుకెళ్ళి, పైన నిలబడి పెద్దగా నవ్వింది. అబ్బులుకి ఆపరేషన్ చేయించారు. నన్ను మళ్ళీ వార్డులోకి, హెడ్ నర్సుగా తీసుకున్నారు. నేను రిటైరయ్యేదాకా ఆ ఆసుపత్రిలో పేషెంటుని మోస్తూ ఎవరికీ నడుం పోలేదు. ఇది మాత్రం నేను కళ్ళారా చూసిన సంగతి.

మెట్ల మీద నాతో మోసింది ఎవరని సూరమ్మని ఒకసారి మళ్ళీ అడిగాను. "ఎవరైతేనేంటమ్మా, బరువు పట్టినోడు మనోడే" అంది. నాకు అంత తేలిగ్గా సరిపెట్టుకోవడం రాదు. ఇన్నేళ్ళుగా అన్ని వైపుల నుంచీ ఆలోచించాను. ఒక మనిషికి కనపడి, ఇంకో మనిషికి కనపడక, ఇద్దరి బరువూ ఒకేలా మోసినది ఏమిటో నాకు తెలియదు.

ఒక్కసారి తిరిగి చూడాల్సింది కదా అని మా అమ్మాయి అంటుంది. తిరిగి చూడాలంటే స్ట్రెచరు వదలాలి. ఇప్పుడైనా సరే, నేను వదలను.